నూనె సీసా ఎవరి చేతిలో ఉంది?

నాకు పాప పుట్టినప్పుడు అమ్మమ్మ కోనసీమ నుంచి రెండు సీసాల కొబ్బరి నూనె పట్టుకొచ్చింది. అంబాజీపేటలో గానుగ ఆడించిన నూనె. రోజూ కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, మాడుకీ ఒంటికీ నూనె పట్టించి నీళ్ళు పోసేది. చివర్లో చెవుల్లో రెండు చుక్కలు, ముక్కులో ఒక్కో చుక్క. రెండో నెలలో పాపకి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు సంగతంతా విని, "ముసలమ్మల వైద్యాలు ఇంకా మానరా? మీరు పిహెచ్.డి. చేశారు కదా!" అన్నాడు. అమ్మమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆరుగురు పిల్లల్ని అదే చేత్తో పెంచిన మనిషి. పాప కోలుకుంది కానీ, అమ్మమ్మ మళ్ళీ ఆ సీసా ముట్టుకోలేదు.

ఆ రోజు నాకు రెండు కోపాలు వచ్చాయి. ఒకటి డాక్టరు మీద, రెండోది నా మీద. ఎందుకంటే ముక్కులో నూనె విషయంలో ఆయన చెప్పింది నిజం. నీళ్ళు పొరపోతే దగ్గొస్తుంది. నూనె అలా కాదు, దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోగలదు. అక్కడ చేరిన నూనెను శరీరం సులభంగా వదిలించుకోలేదు. అది ఒక రకం న్యుమోనియాకి దారి తీస్తుంది. కానీ అమ్మమ్మ చేసిందంతా అజ్ఞానమేనా? 2005లో ముంబైలో పుట్టిన పిల్లల మీద జరిగిన ఒక పరిశోధనలో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, మినరల్ ఆయిల్ కంటే కొబ్బరి నూనె మర్దనా చేసిన పిల్లల బరువు త్వరగా పెరిగిందని తేలింది. అంటే ఒకే చేతిలో ఒక పని మంచిది, ఒక పని ప్రమాదం. ఆ రెంటినీ విడదీసి ఆమెకి చెప్పినవాళ్ళెవరు? ఈ ప్రశ్నతోనే నేను కొబ్బరి నూనె చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

సాహిత్య విద్యార్థిని కాబట్టి ముందు మాట దగ్గరే ఆగాను. 'నూనె'లోనే నువ్వు ఉంది. నువ్వుల నెయ్యే నూనె అయింది. తమిళుల 'ఎణ్ణెయ్' కూడా అలాంటిదే. మన భాషకి మొదట తెలిసిన నూనె నువ్వులది. మా అత్తమ్మది నల్గొండ. ఆమె చిన్నప్పుడు తలకి రాసుకున్నది ఆముదం. కొబ్బరి నూనె కొబ్బరి పండే చోట, కేరళలోనో కోనసీమలోనో ఉద్దానంలోనో ఇంటి నూనె. కాబట్టి అనాదిగా తెలుగింటి ఆడపడుచుల వాలుజడ రహస్యం ఇదేననడం చరిత్ర కాదు. అసలు తలకి నూనె అందరాడవాళ్ళకీ దక్కిందా? తలంటు, పసుపు, పువ్వులు ముత్తయిదువలకే. అనేక అగ్రవర్ణ కుటుంబాల్లో భర్త పోయిన స్త్రీకి జుట్టే ఉంచనప్పుడు నూనె మాట ఎక్కడిది? సంప్రదాయం అని మురిసిపోయే ముందు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

కొబ్బరి పండని ఊళ్ళకి కూడా ఈ నూనెను మోసుకెళ్ళింది మార్కెట్టు. 1980లలో పారాచూట్ నూనె రేకు డబ్బా వదిలి నీలం ప్లాస్టిక్ సీసాలోకి మారింది. దాన్ని అమ్మే మారికో కంపెనీ 1990లో మొదలైంది. సీసా మీదేమో వంటనూనె అని, ప్రకటనలోనేమో నల్లటి పొడుగు జడ. ఈ నూనె తిండికా, తలకా అని ప్రభుత్వం, వ్యాపారులు ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించుకున్నారు. 200 మిల్లీలీటర్ల లోపు సీసాలన్నీ కేశతైలమేనని 2009లో ఎక్సైజు శాఖ అంది. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాటా చెప్పారు. చివరికి 2024 డిసెంబర్ 18న ముగ్గురు న్యాయమూర్తులు, చిన్న సీసా అయినంత మాత్రాన వంటనూనె కేశతైలం అయిపోదని తేల్చారు. అప్పటికి వంటనూనె మీద జీఎస్‌టీ 5 శాతం, కేశతైలం మీద 18. 2025 సెప్టెంబర్‌లో రెండూ 5 శాతానికే వచ్చాయి. ఒకే సీసాలోంచి కూరలోకీ జడకీ ఒంపుకున్న ఆడవాళ్ళకి ఇదేమైనా కొత్త సంగతా?

జుట్టు గురించి తరచూ ఉదహరించే పరిశోధన 2003లో వచ్చింది. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె చేయలేని పని కొబ్బరి నూనె చేస్తుందనీ, వెంట్రుకలోని ప్రొటీను పోకుండా ఆపుతుందనీ అందులో తేలింది. చేసిన శాస్త్రవేత్తలు మారికో వాళ్ళే. అంతమాత్రాన ఫలితం అబద్ధమని అనను. కానీ వెంట్రుక తెగకుండా కాపాడడం వేరు, కొత్త జుట్టు మొలిపించడం వేరు. ప్రకటనల్లోని జడ మనకి నమ్మించింది రెండోదాన్ని. దానికి గట్టి ఆధారం లేదు.

ఇక వంటింటి సంగతి. 1980ల చివర్లో అమెరికాలో సోయా రైతుల సంఘం, ఫిల్ సొకొలాఫ్ అనే వ్యాపారి ఉష్ణమండల నూనెల మీద పెద్ద ప్రచారమే నడిపారు. తర్వాత కొన్నేళ్ళకి అదే అమెరికాలో కొబ్బరి నూనె అమృతమైపోయింది. 2018లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకామె దాన్ని విషం అంటే, ఆ మాట వెనక్కి తీసుకోమని మన కేంద్ర ఉద్యాన కమిషనర్ ఉత్తరం రాశారు. ఈ అరుపుల మధ్య లెక్క మాత్రం స్పష్టంగానే ఉంది. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. 2020లో 16 ప్రయోగాలను కలిపి చూస్తే, పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలతో పోలిస్తే చెడు కొలెస్ట్రాల్ సుమారు 10 మిల్లీగ్రాములు పెరిగింది. మంచిదనేదీ కాస్త పెరిగింది కానీ, దానివల్ల గుండెకి రక్షణ దొరుకుతుందని చెప్పలేం. రుచికి ఒక చెంచా పోపులో వేసుకుంటే విషం కాదు, ఆరోగ్యం కోసమని చెంచాలతో తాగితే అమృతమూ కాదు. ఇంట్లో మగవాళ్ళ రక్తపరీక్ష తేడా వస్తే "ఏ నూనె వాడుతున్నావు?" అని నిలదీసేది మాత్రం మనల్నే.

ఇవన్నీ చదివాక ఊరెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. నూనె ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్తుందో చెప్పాను. చెవిలోనూ వద్దన్నాను. శ్రద్ధగా వింది. "ఇంత చిన్న ముక్క ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమే?" అంది. తర్వాత తనే అడిగింది, చెయ్యి కాలితే రాయొచ్చా అని. కాలగానే వద్దు, ముందు ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ ధార కింద పెట్టాలన్నాను. "ఒంటికి రాయొచ్చు కదా మరి?" అంది. రాయొచ్చన్నాను.

పాప ఇప్పుడు పరుగులు పెడుతోంది. ఆ వేసవిలో అమ్మమ్మ మళ్ళీ దాని కాళ్ళకి నూనె రాసింది. అమ్మమ్మల జ్ఞానాన్ని నెత్తిన పెట్టుకోవడమూ వద్దు, ఆసుపత్రి వరండాలో అవమానించడమూ వద్దు. వాళ్ళకి తెలిసింది మనం రాసిపెట్టాలి, మనకి తెలిసింది వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. పిహెచ్.డి. చేసిన నేను ఆ రోజు చేయలేకపోయిన పని అదే.