చెరువు చేప గుడ్లు పెట్టిన ఆషాఢం

జులై 10 జాతీయ చేప రైతుల దినోత్సవం. కైకలూరు, ఆకివీడు చెరువుగట్ల మీద బతికే కుటుంబాలన్నీ ఈ తేదీకి రుణపడి ఉన్నాయి.

చేపను పెంచడం పాత విద్యే. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో చేపల రకాలనూ, వాటికి పెట్టే మేతనూ వర్ణించాడు. ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లు గడిచినా చేప విత్తనం మాత్రం నది ఇవ్వాల్సిందే. వానాకాలం వరదల్లో గంగ ఒడ్డున వలలు కట్టి పట్టిన చేపపిల్లల్ని మట్టికుండల్లో రైలెక్కించేవారు. దారిలో ఎన్నో చచ్చిపోయేవి. బతికినవాటిలో ఏది శీలావతో, ఏది తోటి చేపల్ని మింగే రకమో పెరిగేదాకా తెలిసేది కాదు.

ఎందుకీ అవస్థ? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువులో చక్కగా ఎదుగుతాయి, కడుపు నిండా గుడ్లూ కడతాయి. పారే వరదనీరు ఒంటికి తగిలితే తప్ప వాటిని వదలవు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వరద వచ్చినప్పుడే తగినంత హార్మోను విడుదల చేస్తుంది. నిలవ నీట్లో ఆ పిలుపు అందదు.

1930ల్లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ఈ గ్రంథి రసాన్ని చేపలకు ఎక్కించి గుడ్లు పెట్టించారు. మన కార్పు చేపలు మాత్రం లొంగలేదు. ఆ పట్టు విడిపించినవారు సిల్హెట్‌లో పుట్టిన మత్స్య శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి. ఆయనకు తోడుగా నిలిచింది కె.హెచ్. అలికున్హి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో వారి ప్రయోగం ఫలించింది.

ఆ పద్ధతిని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. గుడ్లకు సిద్ధమైన ఈడొచ్చిన చేప తల తెరిచి, చిన్న గింజంత గ్రంథిని చెదరకుండా తీయాలి. ఆల్కహాల్‌లో నిలవచేసి, నూరి, శుద్ధజలంలో కలిపి, పైకి తేరిన రసాన్ని తోక మొదట్లో సూదితో ఎక్కించాలి. ఆడచేపకు రెండు మోతాదులు, మధ్య ఆరు గంటల ఎడం. రెండోది ఇచ్చేటప్పుడే మగచేపకు ఒక్కటి. తర్వాత జంటను చెరువులో కట్టిన గుడ్డ గది లాంటి హాపాలో వదిలి ఎదురుచూడటమే. వాన పడి నీరు చల్లబడితే ఇంకా మేలు. ఆ ఆషాఢంలో హాపా నిండా గుడ్లు కనిపించాయి, పిల్లలయ్యాయి. నది దయ కోసం చూడనక్కర్లేని తొలి తరం అదే. మన నీలి విప్లవం మొత్తం ఆ గుడ్డ గదిలోంచే మొదలైందని నా నమ్మకం.

విత్తనం దొరికాక కొల్లేరు సరస్సు చుట్టుపక్కల రైతు మేత సంగతి పట్టుకున్నాడు. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో వెదురుకర్రలకు వేలాడదీశాడు. చేపలు మూతితో పొడుచుకుని తింటాయి. సంచి బరువు చూస్తే ఎంత తిన్నదీ తెలిసిపోతుంది. మేత అడుక్కు దిగి కుళ్లి, తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయే బెడద తగ్గుతుంది. సముద్రపు చేపను ఎండబెట్టి పొడిచేసిన మేత అవసరం అంతగా లేకుండా, మన మిల్లుల మిగులుతోనే చేపను పెంచిన తెలివి ఇది. దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడింది. కృత్రిమ హార్మోన్లు సీసాల్లో వచ్చాయి, పని సులువైంది. హేచరీలు పెరిగాయి. చాలాచోట్ల అవే తల్లిచేపల్ని, వాటి పిల్లల్నే ఏటా జత కలుపుతున్నారు. ఒకే తొట్టిలో బొచ్చె, శీలావతి కలిసి సంకరం పుడుతోంది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలోని మంచినీటి చేపల పరిశోధన కేంద్రం నార్వే సహకారంతో, వేర్వేరు నదుల శీలావతులను కలిపి తరతరానా ఎంపిక చేసి, 1997లో ‘జయంతి’ రకాన్ని ఇచ్చింది. అలాంటి శ్రద్ధ ఊరి హేచరీ దాకా రావాలి. మరోపక్క పంగాసియస్, రూప్‌చంద్ లాంటి విదేశీ చేపలు వచ్చి, తేలే గుళికల మేత పెరిగి, పాత లెక్కలన్నీ మారిపోయాయి. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువుగట్లను ప్రభుత్వం కొట్టేయించింది. సరస్సుకూ చెరువుకూ మధ్య తగవు తెగలేదు.

రైతులకు నాదొక్క విన్నపం. ఈ సీజన్‌లో పిల్లలు కొనేటప్పుడు ధరతోపాటు తల్లిచేపలు ఎక్కడివి, ఎన్నేళ్లుగా వాడుతున్నారు, కొత్త రక్తం ఎప్పుడు కలిపారు అని అడగండి. జవాబు చెప్పలేని హేచరీ దగ్గర కొనకండి.