పామర్రులో ఒక సొంత పోస్టాఫీసు

2001లో మా నాన్న పామర్రు సెంటర్లో నెట్ షాపుకెళ్ళి, అక్కడి కుర్రాడిచేత టైపు చేయించి నాకు మెయిళ్ళు పంపేవాడు. వాటిలో ఇప్పుడు ఒక్కటీ లేదు. కొన్నాళ్ళు నేను లాగిన్ అవలేదని ఆ ఉచిత మెయిలు కంపెనీ ఖాతా ఊడ్చేసింది. అదే ఏడాది ఆయన రాసిన ఇన్లాండు ఉత్తరాలు మాత్రం ఇంట్లో రేకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎవరి పెట్టెలో ఉన్నది వాళ్ళకి దక్కిందన్నమాట!

ఆ ఉక్రోషంతోనే సొంత మెయిలు సర్వరు పెట్టాను. తీరా చూస్తే నేను చేసింది కొత్త పనేం కాదు. ఒకప్పుడు యూనిక్సు ఉన్న ప్రతి కాలేజీ చేసిందే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1971లో రే టామ్లిన్సన్ మనిషి పేరుకీ మిషను పేరుకీ మధ్య ఎట్ గుర్తు పెట్టాడు. బర్క్లీలో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983లో బీఎస్‌డీ యూనిక్సుతో పాటు వచ్చింది. అంతకు ఏడాది ముందే జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ నియమాలు రాసిపెట్టాడు. అందులో ఎవరినీ అనుమానించే ఏర్పాటు లేదు. ఎవరి మెయిలైనా సరే, తీసుకుని ముందుకు తోసెయ్యడమే. బందరు కవరుని విజయవాడ బస్సు కండక్టరు చేతిలో పెడితే పామర్రులో మావాళ్ళు అందుకునేవారు చూడండి, అచ్చం అలాగే.

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ 1988 నవంబరులో తగిలింది. మోరిస్ వర్మ్ దూరిన సందుల్లో సెండ్‌మెయిల్ ఒకటి. తర్వాత స్పాము. 1995లో ఎగ్జిమ్, ఆ తర్వాత క్యూమెయిల్, 1998 చివర్లో వీట్సె వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ వచ్చాయి. పోస్ట్‌ఫిక్సుదీ క్యూమెయిలుదీ ఒకటే ఆలోచన: ఒకే పెద్ద ప్రోగ్రాముకి అన్ని తాళాలూ ఇవ్వకుండా, పనిని చిన్న చిన్న ప్రోగ్రాములకి పంచాలి.

మరి మన భాష సంగతో? పాత మెయిలు ఏడు బిట్లకి మించి మొయ్యలేదు. అందుకే అమెరికాలో తెలుగువాళ్ళు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. 1991లో యూనికోడ్, 1992లో మైమ్ వచ్చాక దారి దొరికింది. ఇప్పుడు "పామర్రు" అని రాస్తే 7 కోడ్‌లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు, బేస్64లో 28 గుర్తులు. మన అక్షరం ఇప్పటికీ మారువేషంలోనే ప్రయాణిస్తోంది!

ఇంతకీ నా సర్వరు కథ. ఇంట్లో పాత కంప్యూటరు మీద డెబియన్, పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఎక్కించడం ఒక పూటలో అయిపోయింది. కానీ ఇంటి నెట్ కనెక్షన్లో 25వ పోర్టు మూసేసి ఉంది. చివరికి బయట ఒక చిన్న సర్వరు అద్దెకి తీసుకున్నాను. ఎంఎక్స్, రివర్స్ డీఎన్ఎస్, ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్... నేను నేనేనని ఇన్ని కాయితాలు చూపించాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నిబంధనలు ఇంకా బిగించాయి. అన్నీ చూపించినా మా పిన్ని ఫోను చేసి, "నీ మెయిలు స్పాములో పడిందిరా" అంది.

స్పాముని ఆపొద్దని నేననను. కానీ నియమాలు అందరివీ, తలుపులు మాత్రం నలుగురివీ అయిపోయాయి. దాని ఫలితం మనకి తెలియనిదా? రచ్చబండ లాంటి తెలుగు చర్చలు నడిచిన యాహూ గ్రూప్స్‌లో పాత ఉత్తరాలు 2019 చివర్లో తీసేశారు, 2020 డిసెంబరులో ఆ సర్వీసే మూసేశారు. ముందే దాచుకున్నవాళ్ళ దగ్గరే మిగిలాయి.

అందరూ సర్వరు పెట్టండని చెప్పను, అది రోజూ పాలు పితకాల్సిన గేదె. కనీసం సొంత డొమైను పేరు కొనుక్కోండి, మెయిళ్ళ కాపీ ఇంట్లో ఒకటి ఉంచుకోండి. పేరు మనదైతే రేపు కంపెనీ మారినా అడ్రసు మారదు.

నాన్నకీ నా సర్వరులో ఒక అడ్రసు ఇచ్చాను. ఇప్పుడు ఫోన్లో తనే తెలుగులో టైపు చేస్తాడు. నిన్నటి మెయిలు: "కాలవకి నీళ్ళు వదిలారు. నువ్వెప్పుడొస్తావు?"

దీని కాపీలు రెండు తీసిపెట్టాను.