గొట్టంలో గాడి తిరిగిన లెక్క

తోడేలును పోలిన కొయోటీకీ జింకకూ ఒకే రైఫిల్ చాలునా అన్న ప్రశ్న అమెరికా వేటగాళ్లకు పాతదే. 1955లో రెండు కంపెనీలు దానికి జవాబు చెప్పాయి. విన్‌చెస్టర్ తన .308 తూటా మూతిని సన్నం చేసి .243 తెచ్చింది, రెమింగ్టన్ .244 తెచ్చింది. రెంటి గుళ్ల లావూ ఒకటే. మందు పట్టే చోటు రెమింగ్టన్‌దానికే కాస్త ఎక్కువ. అయినా ఓడింది అదే. కారణం గొట్టం లోపలి గాడిలో ఉంది. గుండును తిప్పి వదిలే ఆ గాడి విన్‌చెస్టర్‌లో 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, రెమింగ్టన్‌లో 12 అంగుళాలకు తిరిగేది. లావు ఒకటే కనుక బరువైన గుండు పొడవుగా ఉంటుంది; పొడవు పెరిగేకొద్దీ నిలకడగా పోవడానికి అది ఇంకా జోరుగా తిరగాలి. చిన్న జంతువుల వేటే ముఖ్యమనుకున్న రెమింగ్టన్ 75, 90 గ్రెయిన్ల గుళ్లతో సరిపెట్టుకుంది. విన్‌చెస్టర్ 80తో పాటు 100 గ్రెయిన్లదీ, అంటే ఆరున్నర గ్రాములదీ, అమ్మింది. పల్చని తొడుగున్న తేలిక గుండు కొయోటీ ఒంట్లో దిగీ దిగగానే చిట్లిపోతుంది. జింకకు లోతుగా దిగి, పుట్టగొడుగులా విచ్చుకునే గట్టి గుండు కావాలి.

జింకకు 90 గ్రెయిన్లు చాలవా అంటే, చాలుతాయి. తేడా ఒక గ్రాము కూడా లేదు. కానీ రెండు పనులకూ ఒకే తుపాకీ కొనేవాడు పెద్ద పనినే తలుచుకుని కొంటాడు. ఆ తూటాకు అమ్మిన రెమింగ్టన్ 722 రైఫిల్ మరీ సాదాగా ఉండడం వల్లే ఓడిందని ఇంకొందరంటారు. అదీ కొంత నిజమే కావచ్చు. అయితే అదొక్కటే లోపమైతే గాడిని మార్చే పనేముంది? ఆ కంపెనీ చుట్టును 9 అంగుళాలకు బిగించి, 1963లో అదే తూటాను 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చి అమ్మింది. అప్పటికే కొట్ల నిండా .243 ఉంది.