బ్రెయిన్ హెమరేజ్: బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్రలు ఆపేశారా? అసలు ముప్పు అక్కడే!

బీపీ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే రీడింగ్ నార్మల్‌కు వస్తుంది. 'తగ్గిపోయింది కదా, ఇంకెందుకు' అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ రీడింగ్ నార్మల్‌గా ఉన్నది మాత్ర వేసుకుంటున్నందుకే. ఆపేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది. తలనొప్పి ఉండదు, కళ్లు తిరగవు. అందుకే పెరిగిన సంగతే తెలియదు. మెదడులో రక్తస్రావానికి అతిపెద్ద కారణం ఇలా కంట్రోల్‌లో లేని బీపీయే.

మెదడులో ఏం జరుగుతుంది?

మెదడు లోపలి భాగాలకు రక్తం తీసుకెళ్లే నాళాలు చాలా సన్నగా ఉంటాయి. ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే వాటి గోడలు దెబ్బతిని బలహీనపడతాయి. ఏదో ఒక రోజు ఒక నాళం చిట్లుతుంది. కారిన రక్తం గడ్డలా పేరుకుని చుట్టూ ఉన్న మెదడు భాగాన్ని నొక్కేస్తుంది. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్ కంటే ఇది తక్కువ మందికి వస్తుంది. కానీ ప్రాణాపాయం మాత్రం దీనిలోనే ఎక్కువ.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

- బీపీ తరచూ 140/90 దాటుతున్నా మందులు వాడనివారు, గుర్తొచ్చినప్పుడే వేసుకునేవారు
- మద్యం ఎక్కువగా తాగేవారు, పొగతాగేవారు
- రక్తం పలచబడే మందులు వాడేవారు. అలాగని వీటిని సొంతంగా ఆపకూడదు. బీపీని మాత్రం గట్టిగా అదుపులో పెట్టుకోవాలి
- ఇంతకు ముందు స్ట్రోక్ వచ్చినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, వయసు పైబడినవారు
- మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్లు కొని రోజూ మింగేవారు. వీటిలో చాలా మందులు బీపీని పెంచుతాయి
- ఉప్పు ఎక్కువగా తినేవారు. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే దాదాపు ఒక టీ స్పూన్. పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపల్లో ఉండే ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది

అమెరికా అధ్యక్షుడినీ వదల్లేదు

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో పరీక్ష చేస్తే బీపీ 186/108 ఉంది. 1945 ఏప్రిల్ 12న తల వెనుక విపరీతమైన నొప్పి అంటూ ఆయన కుప్పకూలారు. అప్పుడు బీపీ 300/190. కొన్ని గంటల్లోనే చనిపోయారు. వయసు 63 ఏళ్లు. ఆ రోజుల్లో బీపీని సరిగ్గా తగ్గించే మందులే లేవు. ఇప్పుడు అవే మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యి, కాలు పడిపోవడం, మాట తడబడటం, మగతగా మారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో టైమ్ గుర్తుపెట్టుకోండి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

ఇవి మాత్రం చేయకండి

- ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయకండి. రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది పైకి చూసి చెప్పలేం, స్కాన్‌లోనే తేలుతుంది. చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం ఇంకా పెరగొచ్చు
- నీళ్లు, టీ, మాత్రలు ఏవీ నోట్లో పోయకండి. మింగలేని స్థితిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి
- పక్షవాతం అనుకుని పసరు మందు కోసం తిరగకండి. ఆలస్యమైన ప్రతి నిమిషం మెదడుకు నష్టమే

ఇంట్లో ఎవరికైనా బీపీ ఉంటే ఈ రోజే ఒక్కసారి అడగండి: మాత్ర వేసుకున్నారా? ఎన్ని రోజులైంది చెక్ చేయించుకుని?

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ను సంప్రదించండి.