సంతకం వెనుక పూచీ

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరులో మరపడవ రేవు చేరగానే చేపల లెక్కతోపాటు డబ్బు లెక్క కూడ మొదలవుతుంది. డీజిలుకు ఎంత, మంచుగడ్డకు ఎంత, కళాసీల వాటా ఎంత, బ్యాంకు వాయిదా ఎంత? 2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఆ రేవులో మంటలు చెలరేగి ముప్పైకి పైగా పడవలు దెబ్బతిన్నవి. పడవ విలువలో నూటికి 80 వంతులు పరిహారముగా ఇస్తామని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది. పడవ కాలితే నష్టం కంటికి కనబడుతుంది. లెక్కల అడుగున పెట్టిన సంతకం తప్పయితే కలిగే నష్టం అట్లా కనబడదు. ఆ సంతకాన్ని నమ్మి అప్పిచ్చినవాడు, వాటాలు కొన్నవాడు ఎవరిని అడగాలి? అకౌంటెంట్ల వృత్తి నష్టపరిహార బీమా ఈ ప్రశ్న నుండి పుట్టినదే.

తొలినాళ్లలో న్యాయస్థానాలు ఆడిటరు పట్ల ఉదారంగానే ఉన్నవి. 1896లో ఇంగ్లండులో కింగ్‌స్టన్ నూలుమిల్లు వ్యాజ్యం వచ్చినది. మేనేజరు సరుకు నిల్వలను పెంచి చూపగా, ఆడిటర్లు అతని మాట నమ్మి సంతకం చేశారు. ఆడిటరు కాపలా కుక్కే గాని వాసన పట్టి వేటాడే కుక్క కాదని న్యాయమూర్తి లోప్స్ అభిప్రాయపడగా, ఆడిటర్లు బయటపడ్డారు. కాని 1963లో హెడ్లీ బర్న్ వ్యాజ్యంలో ప్రభువుల సభ మరొక సూత్రాన్ని స్థాపించినది. ఒప్పందం లేకపోయినా, నిపుణుని మాటను నమ్మి నష్టపోయిన వానికి ఆ నిపుణుడు జవాబుదారీ కావచ్చును. ఆ వ్యాజ్యం ఒక బ్యాంకును గురించినదే అయినా, దాని నీడ అకౌంటెంటు బల్ల మీద కూడ పడినది.

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమలులోకి వచ్చినది. నాడు వారు 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద కలిసి పనిచేసేవారు. ఆ చట్టం ప్రకారం ఒక భాగస్వామి పొరపాటుకు తక్కినవారి సొంత ఆస్తులు కూడ పూచీ పడవలసినదే. 2008 నాటి పరిమిత బాధ్యతా భాగస్వామ్య చట్టం ఆ భారాన్ని తగ్గించినది. అయితే భాగస్వామి ఇల్లు నిలిచినంత మాత్రాన నష్టపోయినవాని డబ్బు తిరిగి రాదు కదా!

ఆ నష్టం ఎంత పెద్దది కాగలదో 2009 జనవరి 7న హైదరాబాదు చూచినది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన లేఖలో, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొన్నారు. అమెరికాలో మదుపరులు వేసిన దావాను పరిష్కరించుకొనుటకు ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ వర్గం 2011లో 2 కోట్ల 55 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. అంతటి భారాన్ని ఒక చిన్న ఆడిటరు ఎట్లా మోయగలడు?

ఇక్కడ బీమా ప్రవేశిస్తుంది. అజాగ్రత్త వలన కలిగిన నష్టానికి, దావా ఖర్చులకు అది ఆసరా. బుద్ధిపూర్వకమైన మోసానికి కాదు. సాధారణంగా, పని చేసిన నాటి పాలసీ కాక, దావా వచ్చిన నాటి పాలసీయే అక్కరకు వస్తుంది. కనుక వృత్తి విరమించినవాడు కూడ కొంతకాలం ప్రీమియం కడుతూ ఉండవలసినదే.

ఇంగ్లండు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ప్రాక్టీసులో ఉన్న సభ్యులకు ఈ బీమాను విధిగా చేసినది. మన చట్టం అందరికీ అట్లా విధించలేదు. ఇచ్ఛ ఉన్నవారు తీసుకొంటారు. బీమాను ఆడిటరు తన గొడుగుగా మాత్రమే తలచినంతకాలం అది ఇచ్ఛగానే మిగులుతుంది. నిజానికి ఆ గొడుగు కింద నిలువవలసినవారు మరొకరున్నారు. రేవులో తన లెక్కలను ఒక కాగితపు కట్టగా ఆడిటరు చేతికిచ్చి, ఆ సంతకంతో బ్యాంకుకు వెళ్లే పడవ యజమాని వారిలో ఒకడు. అతడు ప్రీమియం కట్టడు, పాలసీ చదవడు. అతనికి తెలిసినది ఆ సంతకమొక్కటే. సంతకం చేసేవాని జాగ్రత్త మొదటి పూచీ. అది తప్పిననాడు అతనిని ఆదుకొనే రెండవ పూచీ కూడ ఉండుట న్యాయము.