ఇ-పుస్తకాల ఫైలు పరిమాణం, రీడర్లలో నిల్వ

ఇ-రీడర్‌లో ఎన్ని పుస్తకాలు పడతాయన్నది మెమరీ కంటే పుస్తకం ఏ రూపంలో ఉందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 1998 నాటి రాకెట్ ఈబుక్ తొలి నమూనాలో 4 ఎంబీ ఉండేది. అందులో పది నవలల దాకా పడతాయనేవారు. 2004లో జపాన్‌లో వచ్చిన సోనీ లిబ్రియేలో సుమారు 10 ఎంబీ, పైన మెమరీ స్టిక్.

అమెజాన్ మొదటి కిండిల్ (2007 నవంబరు) సామర్థ్యాన్ని కొందరు 250 ఎంబీ అని, మరికొందరు 256 అని రాస్తారు. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పోగా పాఠకుడి చేతికి వచ్చేది దాదాపు 180 ఎంబీ కాబట్టి ఆ అంకెను పట్టుకోవడమే మేలు. 200కు పైగా పుస్తకాలు పడతాయని అమెజాన్ ప్రకటించింది. 2009లో రెండో కిండిల్ ఎస్‌డీ కార్డు స్లాట్‌ను వదిలేసి, వాడుకోవడానికి 1.4 జీబీ ఇచ్చి, 1,500 పుస్తకాలంది. రెండు లెక్కలూ పుస్తకానికి 0.9 ఎంబీ దగ్గరే తేలతాయి. అంటే బొమ్మల్లేని ఇంగ్లిష్ నవలే ఆ ప్రకటనలకు కొలమానం అనుకోవచ్చు.

అక్షరాలు నిజానికి చోటు తినవు. టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’ ఇంగ్లిష్ పాఠం మొత్తం 3 ఎంబీ పైచిలుకు. ఈపబ్ ఫైలు లోపల జిప్ మూటే కనుక అది ఇంకా బాగా కుదించుకుపోతుంది. తెలుగుకు యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 6 సంకేతాలు, 18 బైట్లు. అయితే ఒక్కో సంకేతంలోని మూడు బైట్లలో మొదటి రెండూ దాదాపు మారకుండా తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి జిప్‌లో ఆ భారం చాలావరకు తగ్గుతుంది. తెలుగు లిపి ‘బరువు’ అన్న ఫిర్యాదును ఆ మేరకే తీసుకోవాలి. ఫాంటును ఫైల్లోనే పొదిగితే మాత్రం కొన్ని వందల కేబీలు అదనం.

అసలు బరువు బొమ్మలది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటివి అందించిన పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు పుటల స్కాన్లే. ఒక్కో పీడీఎఫ్ పదుల ఎంబీలు ఉండటం మామూలు. వాటితో నింపితే పై లెక్కలేవీ నిలవవు. జపాన్‌లో 2016లో మాంగా (బొమ్మల కథల) పాఠకుల కోసం అమెజాన్ 32 జీబీ కిండిల్ పేపర్‌వైట్‌ను ప్రత్యేకంగా తెచ్చింది ఇందుకే.

పరిమాణం ప్రచురణకర్త జేబునూ తాకుతుంది. కిండిల్‌లో 70 శాతం రాయల్టీ పద్ధతి ఎంచుకుంటే అమెజాన్ డెలివరీ ఖర్చు కింద అమెరికాలో ఎంబీకి 15 సెంట్లు, భారత్‌లో 7 రూపాయలు మినహాయించుకుంటుంది. 35 శాతం పద్ధతిలో ఈ కోత లేదు.