విడాకులు, రద్దు

పెళ్లి తెగే చోట తెలుగు, ఉర్దూ రెండు భాషల మాటలూ వినిపిస్తాయి. విడాకులు అచ్చంగా మనది: విడు, ఆకు. రద్దు అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. తిప్పికొట్టడం దాని మూలార్థం.

వాడుకలో పెళ్లి రద్దయిందంటే ముహూర్తానికి ముందే ఆగిపోయిందని. కోర్టులో అలా కాదు. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులంటే, ఉన్న పెళ్లిని ముగించడం. 12వ సెక్షన్ కింద రద్దంటే, మోసం వంటి లోపంతో మొదలైన పెళ్లిని కొట్టేయడం. మోసం బయటపడిన ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. "సర్దుకుపోమ్మా" అంటూ పెద్దమనుషులు పంచాయితీలు సాగదీస్తుంటే ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది. అమ్మాయి తరఫువాళ్లు ముందు చూసుకోవాల్సింది ఆ తేదీనే.

పిల్లలుంటే రద్దు అనగానే గుండె జారుతుంది. ఆ భయం అక్కర్లేదు: 16వ సెక్షన్ ప్రకారం వాళ్లు సక్రమ సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కూ ఉంటుంది.